గట్టు చెట్టుకు ఒక్క పేరు

మామిడికుదురు దగ్గర పంటకాలువ పక్కనున్న పేటలో సత్యదుర్గారావుని ఎరగనివాళ్ళు లేరు. కొబ్బరికాయలు దింపే మనిషి. పదిహేనో ఏట కాళ్ళకు తాడు బంధం వేసుకుని చెట్టెక్కినవాడు యాభై మూడేళ్ళు వచ్చినా ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. ఎక్కడం ఒక్కటే అయితే చెప్పుకోవలసిందేమీ లేదు. కోనసీమలో చెట్టెక్కేవాళ్ళకు ఇంకా కరువు రాలేదు. దుర్గారావు విశేషం వేరే ఉంది. ఏ చెట్టు ఎవరిదో అతనికి తెలిసినంత బాగా ఆ చెట్ల ఆసాములకు కూడా తెలియదు.

అన్నదమ్ములు తోటలు పంచుకుంటారు. వాళ్ళ కొడుకులు మళ్ళీ పంచుకుంటారు. మనవలు విశాఖపట్నంలో కూర్చుని, ఫోన్లో, మనకి వచ్చిన చెట్లు ఏవి అని అడుగుతారు. అప్పుడు దుర్గారావు వెళ్ళి ఒక్కొక్క చెట్టునూ చేత్తో తట్టి చూపిస్తాడు. కాగితం చూడడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి కాగితంతో పని తక్కువ.

గట్ల మీద పుట్టిన చెట్లకు ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. గట్టు చెట్టు ఇటువాళ్ళదీ, అటువాళ్ళదీ కూడా. ఒక దింపు ఇటు, తరవాతి దింపు అటు. చెరి సగం చేసుకోవచ్చు కదా అని పట్నం వాళ్ళు అడుగుతారు. చేసుకోవచ్చు, రెండు నెలలకోసారి పెద్ద కాయ నీకు పోయిందంటే నీకు పోయిందని కొట్టుకోనూ వచ్చు. వంతులైతే ఆ బెడద లేదు. ఏ దింపు ఎవరి వంతో గుర్తుపెట్టుకునే మనిషి ఒకడుంటే చాలు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ మనిషి దుర్గారావు.

అలాంటి గట్టు చెట్టు ఒకటి పోలమ్మ ఇంటికీ సూర్యారావు తోటకూ మధ్యన ఉంది. పోలమ్మకు డెబ్బై దాటాయి. మూడు సెంట్ల స్థలం, అందులో ఒక గది ఇల్లు, ఈనెలు చీరి చీపుర్లు కట్టుకునే బతుకు. కొబ్బరిచెట్టు ఇంటికి పెద్దకొడుకు అంటారు కోనసీమలో. పోలమ్మకు పిల్లలు లేరు, సొంతంగా చెట్టూ లేదు, ఆ గట్టు చెట్టులో వంతు మాత్రం ఉంది. నాకు సగం కొడుకున్నాడని ఆవిడే నవ్వుతూ చెప్పుకునేది.

చెట్టుకూ ఆవిడ గోడకూ మధ్య నాలుగడుగుల జాగా. రోడ్డు మీదకు రావాలన్నా, కాలువ రేవులోకి దిగాలన్నా పోలమ్మకు ఉన్న దారి అదొక్కటే.

ఆ ఏడు అక్టోబరులో పేటకు భూముల సర్వే వచ్చింది. సర్వేయరు నాగబాబు కుర్రవాడు, మర్యాదస్తుడు, ప్రతి మాటకూ అండీ అంటాడు. గట్ల దగ్గర తగువులు వస్తున్నాయని తనకు తోచిన ఉపాయం ఒకటి కనిపెట్టాడు. కాగితం మీద ఎడమవైపు గట్టు చెట్ల నంబర్లు వేశాడు. కుడివైపు ఆసామి పేరు. చెట్టు ఎవరిదైతే గట్టు వాళ్ళది, హద్దు రాయి ఆ గట్టుకు అవతల పడుతుంది. ఒక చెట్టుకు ఒక్క పేరే. రెండు పేర్లు చెబితే తిరిగి చెప్పమంటాడు. వందేళ్ళనాటి గట్లను వారం రోజుల్లో తేల్చేద్దామనుకునేవాళ్ళకు ఇలాంటి ఉపాయాలే తోస్తాయి.

చాలా గట్ల దగ్గర ఇరుగుపొరుగులు ఏదో ఒకటి సర్దుకున్నారు. పదిహేడో నంబరు చెట్టు దగ్గర మాత్రం సూర్యారావు సర్దుకోనన్నాడు. పన్నెండేళ్ళు కువైట్‌లో డ్రైవరు పని చేసి ఆ దసరాకే తిరిగొచ్చినవాడు. చెడ్డవాడేమీ కాదు. కారు కొన్నాడు, చుట్టూ గోడ కట్టించి గేటు పెట్టించాలని కోరిక. గట్టు తనదైతే గోడ పోలమ్మ గోడను ఆనుకుని వస్తుంది. నాలుగడుగుల దారి గోడ లోపలికి పోతుంది.

బుధవారం పొద్దున్న గ్రామ సచివాలయం దగ్గర నాగబాబు దుర్గారావుని పిలిచాడు.

"శుక్రవారం మీరు రావాలండి. ఆ పదిహేడో చెట్టు సంగతి మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదంట కదండీ. మీరు ఎవరి పేరు చెప్తే ఆ పేరే రాసుకుంటాను."

"ఆయ్, వస్తానండి" అన్నాడు దుర్గారావు. అనేటప్పుడు అతనికి భయమేమీ లేదు. ఇద్దరిదీనండి అని చెబుదాం, అదే కదా నిజం, అనుకున్నాడు.

పక్కనే ఉన్న సూర్యారావు నవ్వాడు. "దుర్గారావు చెప్పక్కర్లేదు లెండి, మా ఆవిడ విజయ రాసిన పుస్తకమే చెప్తుంది. అమ్మ పోయేక ఏ దింపుకి ఎన్ని కాయలొచ్చేయో రాసి పెట్టమని ఫోన్లో చెప్పేను. ఏప్రిల్లో గట్టు చెట్టు మాకే. జూన్లోనూ మాకే. ఆగస్టులో వరదొచ్చి దింపే లేదు. పోలమ్మ వంతు అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు."

దుర్గారావు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఏప్రిల్ సూర్యారావు వంతు, అది సరే. జూన్ పోలమ్మది. జూన్‌లో కాయలు సూర్యారావు తోటలోకి వేసింది ఎవరు? తనే.

ఆ రోజు ఎలా తప్పాడో ఇంటికి నడుస్తూ గుర్తు తెచ్చుకున్నాడు. గుర్తు తెచ్చుకోవలసిన పనేమీ లేదు, మరిచిపోతేగా. ముందురోజు వేరే తోటలో సగం చెట్టు మీద ఉండగా కుడికాలు పట్టు తప్పింది. జారి, రెండు చేతులతో మాను కావలించుకుని, ఎలాగో దిగాడు. ఛాతీ అంతా చెక్కుకుపోయింది. ఇంట్లో కూడా చెప్పలేదు. కాళ్ళు వణుకుతున్నాయని తెలిస్తే దింపువాణ్ణి ఎవరు పిలుస్తారు? మర్నాడు గట్టు చెట్టెక్కినప్పుడు అతని ధ్యాసంతా ఆ కాలి మీదే ఉంది. ఎవరి వంతన్న ఆలోచనే రాలేదు. గెలలు కోసి, చేతికి ఎటు వాటంగా ఉంటే అటు వదిలేశాడు.

కింద పోలమ్మ నిలబడి ఉంది. ఏమీ అనలేదు.

గురువారం మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్ళాడు. చెప్పేద్దామనే వెళ్ళాడు. పోలమ్మ గుమ్మంలో కూర్చుని ఈనెలు చీరుతోంది.

"రా దుర్గారావా, కూర్చో. సూర్యారావు మొన్న వచ్చేడు. చెట్టు వాళ్ళదేనంట. రెండు దింపులూ వరసగా వాళ్ళకే వచ్చేయంట."

"నువ్వేమన్నావు పిన్నీ?"

"నేనేమంటాను నాయనా. నాకు మతిమరుపు. వాళ్ళ వైపు వేసేవంటే వాళ్ళ వంతే అయ్యుంటాది. నువ్వు తప్పవు కదా."

"మరి దారో?"

"కాలవ గట్టెంట చుట్టూ తిరిగి పోవాలి. వానాకాలం జారతాది. ఏం చేత్తాం, మనది కానిది మనది కాదు." చీరిన ఈనెలను కట్ట కట్టి పక్కన పెట్టింది. "టీ తాగి వెళ్ళు."

టీ తాగి వచ్చేశాడు. చెప్పలేదు. తిట్టుంటే చెప్పేవాడేమో. తన దారి పోతున్నా తన మాట మీద నమ్మకం వదలని మనిషి ముందు నోరెలా తెరవాలో తెలియలేదు. ఎవరికైనా తెలిస్తే సిగ్గుచేటని దాచుకున్న కాలు ఇవాళ ఒక ముసలమ్మ కాళ్ళ కింద దారిని లాగేస్తోంది. దుర్గారావుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం దీపాల వేళకు ఇల్లు చేరేసరికి కూతురు లావణ్య అరుగు మీద పుస్తకాలు పరుచుకుని ఉంది. రాజోలులో ఇంటర్ మొదటి ఏడాది. తెల్లకాగితం మీద రెండు గుండ్రాలు గీసి, ఎడమ గుండ్రం నుంచి కుడి గుండ్రానికి బాణాలు వేస్తోంది.

"ఏంటమ్మా అది?"

"ప్రమేయాలు నాన్నా. క్రమయుగ్మాలని జంటలు జంటలుగా ఇస్తారు. అవన్నీ కలిసి ప్రమేయం అవుతాయో కాదో చెప్పాలి."

"ఎలా చెప్తావు?"

అతను ఎప్పుడూ అడిగే మనిషి కాదు. లావణ్యకు ఉత్సాహం వచ్చింది. "జంటలో మొదటిది ఎడమవైపు, రెండోది కుడివైపు. ఎడమవైపున్న ప్రతిదాన్నుంచీ ఒక్కటంటే ఒక్క బాణమే బయల్దేరాలి. ఇది చూడు. ఒకటికి నాలుగు, రెండుకి అయిదు, మూడుకి మళ్ళీ నాలుగు. ఇది ప్రమేయమే."

"నాలుగు రెండుసార్లు వచ్చింది కదా?"

"కుడివైపు ఎన్నిసార్లొచ్చినా ఫరవాలేదు. ఇక్కడ చూడు, ఒకటికి నాలుగు, ఒకటికే అయిదు. ఒకటి నుంచి రెండు బాణాలు. ఇది కాదు."

దుర్గారావు కాగితాన్ని దగ్గరకు లాక్కున్నాడు. "ఎడమవైపు చెట్లు, కుడివైపు ఆసాములు అనుకో. ఒక ఆసామికి పది చెట్లు ఉండొచ్చు. చెట్టుకి మాత్రం ఇద్దరు ఆసాములు ఉండకూడదు. అంతేనా?"

"అంతే నాన్నా. మా కాలేజీలో సగం మందికి ఇంకా అర్థం కాలేదు, నీకు అయిపోయింది."

"మరి గట్టు చెట్టో?"

"రెండు బాణాలు వెళ్తాయి. అప్పుడు ప్రమేయం కాదు."

"నాగబాబుగారూ అదే అంటున్నారు" అన్నాడు చిరాగ్గా. "నేను ముప్పై ఎనిమిదేళ్ళ నుంచీ దింపుతున్నాను. ఏ దింపుకి ఆ దింపు ఒక్కళ్ళకే వేసేను. ఎప్పుడూ రెండు బాణాలు రాలేదు."

లావణ్య పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "అయితే ఎడమవైపు చెట్టు పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఏ దింపో రాయాలి. ఒకే చెట్టు కాబట్టి దింపుల పేర్లే రాద్దాం. నువ్వు చెప్పు."

అతను నిరుడు ఏప్రిల్ నుంచి మొదలుపెట్టాడు. ఏప్రిల్ సూర్యారావు వాళ్ళది. జూన్ పోలమ్మ. ఆగస్టు సూర్యారావు. అక్టోబరు పోలమ్మ. డిసెంబరు సూర్యారావు. ఈ ఏడు ఫిబ్రవరి పోలమ్మ. ఏప్రిల్ సూర్యారావు. లావణ్య ఒక్కొక్కటీ బ్రాకెట్లో జంటగా రాస్తోంది. జూన్ దగ్గర ఆగిపోయాడు.

"జూన్ ఎవరికిచ్చేవు నాన్నా?"

"సూర్యారావుకి."

రాసింది. పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. "ప్రతి దింపుకీ ఒక్క పేరే ఉంది. ప్రమేయమే. సర్వేయరుగారికి ఇది చూపించు."

"ఇంకోసారి చూడమ్మా."

మళ్ళీ చూసింది. ఈసారి వేలు జూన్ దగ్గర నిలిచింది. "ఏప్రిల్ వాళ్ళదే, జూనూ వాళ్ళదేనా? వంతు మారాలి కదా."

"మారాలి. నేను తప్పేను."

అంతవరకూ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్న భార్య తలెత్తింది. దుర్గారావు కాలు జారిన సంగతి, చెక్కుకుపోయిన సంగతి, అన్నీ అప్పుడు చెప్పాడు. ఆవిడ చేట పక్కన పెట్టింది. తరవాత మెల్లిగా అంది. "రేపు అందరి ముందూ తప్పేనని చెప్తే ఎల్లుండి నుంచి నిన్ను ఎవరు పిలుస్తారు? ఇద్దరిదీ అని చెప్పి వచ్చెయ్. మిగతాది వాళ్ళు చూసుకుంటారు."

"ఇద్దరిదీ అంటే ఆ అబ్బాయి రాసుకోడు. పుస్తకం చూసి సూర్యారావు పేరు రాసేస్తాడు."

లావణ్య కాగితం వంకే చూస్తోంది. "తప్పయినా ఇది ప్రమేయమే నాన్నా. జూన్‌కి ఒక్క పేరుంటే చాలు. ఆ పేరు సరైనదా కాదా అని లెక్క అడగదు."

"లెక్క అడక్కపోతే ఎవరడుగుతారమ్మా?" అన్నాడు దుర్గారావు.

శుక్రవారం తొమ్మిదింటికల్లా చెట్టు దగ్గర పదిమంది చేరారు. ఒకరి దారి పోతోందంటే చూడ్డానికి ఊళ్ళో ఎవరికైనా తీరుబడి దొరుకుతుంది. హద్దు రాయి గట్టు పక్కన పడేసి ఉంది. సూర్యారావు, పక్కన విజయ, ఆవిడ చేతిలో అట్ట చిరిగిన నోటుబుక్కు. పోలమ్మ తన గుమ్మంలోనే నిలబడింది, దగ్గరకు రాలేదు.

"చెప్పండి దుర్గారావుగారూ. పదిహేడో చెట్టు ఎవరిదండి?"

"ఇద్దరిదీనండి. వంతుల చెట్టండి."

"ఒక్క పేరు చెప్పండి. ఈవిడ పుస్తకంలో రెండు దింపులూ వీళ్ళకే ఉన్నాయండి. పోలమ్మగారి పేరు లేదు."

"ఉండదండి. జూన్ దింపు పోలమ్మ పిన్నిదండి. నేను తప్పి అటు వేసేను."

అతను తప్పడమన్నది అక్కడివాళ్ళు ఎరగరు. వెనకనుంచి ఎవరో మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాడు. కాలు జారిందని, భయపడ్డానని, ఆ భయంలో వంతు మరిచానని చెప్పాడు. చెబుతున్నంతసేపూ పోలమ్మ వైపు చూడలేకపోయాడు.

సూర్యారావు ముఖం ఎర్రబడింది. "ముప్పై ఎనిమిదేళ్ళు తప్పనివాడివి మా చెట్టు దగ్గరకొచ్చేసరికే తప్పేవా? ఆవిడ నీకేం చెప్పింది?"

"ఆవిడేం చెప్పలేదండి. మీదేననుకుంటోంది."

నాగబాబు ఇబ్బందిగా కాగితం సవరించుకున్నాడు. "కోప్పడకండి దుర్గారావుగారూ. జూన్లో తప్పేనని మీరే అంటున్నారు. ఇవాళ తప్పట్లేదని నేనెలా నమ్మేది చెప్పండి? పుస్తకంలో రాసుంది. మీది నోటి మాట."

న్యాయమైన ప్రశ్నే. దుర్గారావుకి కోపం రాలేదు, నిస్సత్తువ వచ్చింది. నిజం చెబితే చాలుననుకున్నాడు. చెప్పిన నిజమే తన మాటకు ఉన్న విలువ మొత్తం పట్టుకుపోతుందని అనుకోలేదు. జేబులో లావణ్య రాసిచ్చిన కాగితం ఉంది. తీసి చూశాడు. జూన్ పక్కన సూర్యారావు, ఏప్రిల్ పక్కన సూర్యారావు, పైన ఫిబ్రవరి. ఫిబ్రవరి దగ్గర అతని చూపు ఆగింది.

"విజయమ్మగారూ" అన్నాడు. "ఫిబ్రవరి దింపు మీ పుస్తకంలో లేదండి. అప్పటికి మీరు పుస్తకం పెట్టలేదు. మీ అత్తయ్య లోవమ్మగారి పెద్దకార్యం ముందురోజది. నేను ఈ చెట్టు మీదే ఉన్నాను. మీరు పోలమ్మ పిన్ని దగ్గరకొచ్చి ఏదో అడిగేరు. ఏం అడిగేరో మీరే చెప్పండి."

విజయ భర్త వైపు చూసింది. సూర్యారావుకి ఆ సంగతి తెలియదు. తల్లి చచ్చిపోయినప్పుడు సెలవు దొరక్క కార్యానికి రాలేకపోయిన మనిషి. విజయ నోటుబుక్కుని రెండు చేతులా పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. చెప్పకపోయినా ఆవిణ్ణి ఎవరూ ఏమీ చేయలేరు. దుర్గారావుకి ఆ మాట తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు.

"కాయలు అడిగేను" అంది చివరికి. "కార్యానికి చాలవని. ఆ దింపు ఆవిడ వంతు. తీసుకెళ్ళమ్మా అని మొత్తం ఇచ్చేసింది." కొంచెం ఆగింది. "గట్టు చెట్టు వంతుల చెట్టని అత్తయ్యగారే చెప్పేవారు. నాకు తెలుసండి."

సూర్యారావు భార్య చేతిలోంచి పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. తనది కాని చెట్టు కాయల్ని ఎవరైనా వెళ్ళి అడుక్కోవచ్చు. తన చెట్టు కాయల్ని పొరుగింటి గుమ్మంలో నిలబడి అడిగేవాళ్ళు ఉండరు.

నాగబాబు పదిహేడో నంబరు మీద అడ్డంగా గీత కొట్టాడు. "ఈ చెట్టుకి నా కాగితంలో చోటు లేదండి. దీన్ని హద్దు కింద రాసుకుంటాను." రాయిని చెట్టు మొదట్లో, గట్టు నడిమధ్యన పాతించాడు. నాలుగడుగుల దారి పోలమ్మకు మిగిలింది.

జనం వెళ్ళిపోయారు. అప్పుడు పోలమ్మ గుమ్మం దిగి వచ్చింది. ముఖంలో సంతోషం లేదు.

"జూన్లో కాయలు అటు పడతా ఉంటే అడుగుదామనుకున్నాను నాయనా. నువ్వు తప్పవు కదా, నేనే మరిచిపోయేనేమో అని ఊరుకున్నాను. నాలుగు నెలలు నా మతే పోయిందనుకున్నాను."

దుర్గారావు హద్దు రాయి చుట్టూ వదులు మట్టిని కాలితో తొక్కి గట్టిచేశాడు.

భార్య చెప్పినట్టే అయింది. సూర్యారావు తన తోటకు అప్పనపల్లి వైపు నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నాడు. మరో మూడిళ్ళవాళ్ళు తమ గట్టు చెట్ల వంతులు ఎప్పుడెప్పుడు ఎవరికి వెళ్ళాయో మర్యాదగానే అడిగారు. అడిగితే చెప్పాడు. వాళ్ళు తలూపారు గానీ ఆ తలూపులో వెనకటి ధీమా లేదు.

కార్తీకమాసంలో గట్టు చెట్టుకు దింపు వేళయింది. దుర్గారావు వెళ్ళేసరికి పోలమ్మ గుమ్మంలో లేదు, చెట్టు కింద నిలబడి ఉంది.

"ఈసారి ఎవరిది నాయనా?"

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆ మాట అడగడం అదే మొదలు.

"నీదే పిన్నీ. దీని తరవాతదీ నీదే. జూన్‌ది బదులు."

పోలమ్మ సరేనంది. లోపలికి వెళ్ళి పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చుకుంది. దారి వైపున్న గోడ దగ్గర నిలబడి, చెయ్యెత్తి, నెమ్మదిగా ఒక గీత గీసింది.